వేలికి తగలని నంబరు

ముప్పై ఐదేళ్ళు భిలాయి ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా చేశాను. నా చేతిలోంచి ఒక్క వస్తువు కూడా గరుకుగా బయటికి పోలేదు. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప మునిగినా బాగుండేది, నరసింగరావు బావ కొంప ముంచింది.

బావంటే వరసకే. ఇద్దరిదీ పార్వతీపురం దగ్గర ఒకే ఊరు, ఒకే ఏడు భిలాయి వచ్చాం. రిటైరయ్యాక అతను సెక్టర్ 7లో కూతురు మణిమాల క్వార్టర్లో ఉండేవాడు. తొంభై ఆరు నాటికి చూపు బాగా పోయింది. ఎదురుగా నిలబడితే మనిషని తెలిసేది గానీ మొహం ఆనేది కాదు.

ఆ వేసవిలోనే ట్రంకుపెట్టె అడుగునుంచి వాళ్ళ నాన్న తుపాకీ తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఇంగ్లండులో చేసిన పాత దోనాలీ. పక్కపక్కనే రెండు గొట్టాలు, వాటి వెనక రెండు సుత్తులు. వేటలో తోడుండేవాడని వాళ్ళ నాన్నకి జమీందారు ఇచ్చాడట. చేతికి తుప్పు తప్ప ఏమీ అంటలేదు.

“దీన్ని బాగుసెయ్‌రా త్రినాథా. పేల్చడానికి కాదు. నాను పోయేదాకా నా మంచం పక్కనుంటే సాలు. దసరా ఎల్లాక లైసెన్సు రెన్యువలుంది, ఈ అవతారంతో అట్టుకెల్తే నవ్వుతారు.”

“నానున్నాను కదేటి బావా! పెళ్ళికూతుర్ని సేసి అప్పజెప్తాను.”

అన్నంత పనీ చేశాను. రెండు నెలలు కూర్చున్నాను. బిగుసుకుపోయిన సుత్తులు ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టాను. స్ప్రింగులు నేనే చేసి వేశాను. కర్రకి అవిసె నూనె పట్టించాను. ఇనుముని ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది అద్దం చేశాను. ట్రిగ్గరు కింది పట్టీ మీద, గొట్టాల అడుగున ఏవో గుంటలుంటే తుప్పు తిన్న మచ్చలనుకుని వాటినీ అరగదీశాను. వెధవని, కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కసారి చూస్తే నా సొమ్మేం పోయేది?

తీసుకెళ్ళి బావ చేతుల్లో పెట్టాను. మెల్లగా తడిమాడు. వేలు ట్రిగ్గరు కిందకి వెళ్ళి, అక్కడే ముందుకీ వెనక్కీ తిరిగింది.

“ఏటి బావా ఎతుకుతన్నావు? గరుకు దొరకదులే!” అని నవ్వాను.

“దొరకలేదురా” అన్నాడు. వేలు తీసేసి, “బాగుంది. శానా బాగుంది” అన్నాడు.

దసరా వెళ్ళాక ఇద్దరం టెంపో ఎక్కి లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాం. గుమస్తా తుపాకీని అటూ ఇటూ తిప్పాడు. లైసెన్సు పుస్తకంలో 7104 అని ఉంది.

“ఇస్‌కా నంబర్ కహాఁ హై?” దీని నంబరెక్కడని అడిగాడు.

తుప్పు మచ్చలనుకుని నేను అరగదీసింది ఆ నంబరునే. నంబరు చెరిపితే నేరమనీ, తుపాకీ జప్తు చేసుకోవాలనీ చెప్పాడు. అతని తప్పేం లేదు. నేను నోరు తెరిచేలోగా బావ నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

“మైనే ఘిస్ దియా సాబ్” అన్నాడు. తనే అరగదీశాడట! గుడ్డి ముసలాడని జాలిపడి, కాగితం రాయించుకుని వదిలేశారు. తుపాకీ మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

బయట బల్ల మీద కూలబడి ఏడ్చాను. “నీకు ముందే తెలుసా బావా?”

“ఏలెట్టగానే తెలిసింది. మా అయ్య నా ఏలట్టుకుని ఆ నంబరు మీద రాయించేవోడు. ఏడు, ఒకటి, సున్నా, నాలుగు. నాను నేర్సిన మొదటి అంకెలవే.”

“మరి ఒక్క మాటనలేదేటి?”

“నీ మొకం అవుపించదు గానీ గొంతిన్నాను కదరా. ఎంత కుశాలగా ఉన్నావో! పెతీసారీ కాగితం సూసి ముద్ర కొట్టీవోరు, ఈసారీ అలాగే అయిపోద్దనుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయిదో రోజు ఒక ఇనుప రేకు ముక్క తీసుకుని, నంబర్ పంచ్‌లతో 7104 కొట్టి, ఆకురాయితో అంచులు రాకి పట్టుకెళ్ళాను. బావ మంచంలో ఉన్నాడు. వేలు పట్టి రేకు మీద పెట్టాను. ఏడు దాటి, ఒకటి దాటి, సున్నా దగ్గర ఆగాడు.

“మా అయ్య తుపాకీ మీద సున్నాకి ఓపక్క సిన్న నొక్కుండేదిరా. ఏలికి గుచ్చుకునీది” అన్నాడు. “నీది మరీ నున్నగుంది.”

అయినా దిండు కింద పెట్టుకున్నాడు. సంక్రాంతి రాకముందే పోయాడు. దినాలయ్యాక మణిమాల ఆ రేకు తెచ్చి నాకిచ్చేసింది. ఇప్పుడు మా ఇంటి కిటికీలో ఉంది. తుప్పు పడుతోంది. పట్టనీ, నేను ముట్టుకోను.