కొనాడు పేరుకు పడ్డ రంగు

కుమాసీలో చావు కబురు వెనకాలే బట్ట కబురూ బయల్దేరుతుంది. ఎవరు ఏ రంగు కట్టాలో తేలేదాకా శవానికి కూడా తొందర ఉండదని అక్కడివాళ్ళే వేళాకోళం చేసుకుంటారు. అదూసే గారు పోయిన వారానికి పెద్దలు కూర్చుని ఆ సంగతి తేల్చేశారు. ఆయన అన్నగారు, వంశానికి పెద్ద అయిన బోఆటెన్, చేతికర్రతో నేల తాటించి మరీ చెప్పాడు.

"మా తమ్ముడికి పుట్టినవాళ్ళందరూ ఎరుపే కడతారు. తెచిమాన్ పిల్ల కూడా. ఇంక దీనిమీద ఎవరూ నోరెత్తొద్దు."

తెచిమాన్ పిల్ల అంటే కొనాడు. అదూసే గారు కలప కోసం తెచిమాన్ చుట్టూ తిరిగిన రోజుల్లో అక్కడి ఆవిడకు పుట్టిన కూతురు. ఆయన దాచలేదు, పేరు పెట్టాడు, చదివించాడు. ఇంట్లో ఆ పేరు వినపడితే మాత్రం ఆయన భార్య గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. పెద్ద కూతురు సెర్వా చిన్నప్పటి నుంచీ అమ్మ అలా లేచి వెళ్ళడం చూస్తూనే పెరిగింది. చెల్లెలంటే ఆమెకు పగ లేదు. అలాగని పండక్కో పబ్బానికో ఫోన్ చేసి పలకరించిన పాపానా పోలేదు.

ఒక అన్న హాంబర్గ్‌లో, ఇంకో అన్న అక్రాలో, మేనత్తలు ఎక్కడెక్కడో ఉన్నారు. అందరికీ మెయిల్ పెట్టే పని సెర్వా మీద పడింది. ఎవరేం కట్టాలో చాంతాడంత రాస్తే ఎవరు చదువుతారు? ఎవరి పేరు వాళ్ళు కట్టాల్సిన బట్ట రంగులోనే రాసేస్తే చూడగానే తెలుస్తుందనుకుంది. బిడ్డలకీ రక్తసంబంధీకులకీ ముదురెరుపు. మిగతా చుట్టాలకీ స్నేహితులకీ గోధుమరంగు. మెయిల్‌లో తయారుగా ఉన్న ఎరుపు పెళ్ళికూతురి లిప్‌స్టిక్‌లా కనిపించి, చావుకి ఇదేం రంగని, రంగుల చక్రం తెరిచి వెతికి వెతికి తనే ఒక ముదురెరుపు ఎంచుకుంది. అంతా అయ్యాక చూసుకుంటే కొనాడు పేరు లేదు. నాలిక కరుచుకుని, పిల్లల పేర్ల కింద ఇరికించి, మళ్ళీ చక్రం తెరిచి, కంటికి అదే అనిపించిన రంగు వేసి పంపేసింది.

మర్నాడు ఆఫీసులో పక్క బల్ల ఫ్రెంపాంగ్ ఆ మెయిల్ తన కంప్యూటర్‌లో చూశాడు. అతనూ దూరపు చుట్టమే.

"నాలుగో పిల్లని చుట్టాల్లో కలిపేశారేం?"

"ఎరుపే వేశాను. కళ్ళ డాక్టరుకి చూపించుకో."

"నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ లాప్‌టాప్‌కి చూపించు డాక్టరుని."

తనే లాగేసుకుని సెట్టింగులు తిప్పాడు. "ఇదిగో దొరికింది దొంగ. రాత్రిళ్ళు కళ్ళు మండకుండా స్క్రీనుని పసుపెక్కించే మీట. పగలూ రాత్రీ ఇదే వేసుక్కూర్చున్నావు తల్లీ! ఇందులోంచి చూస్తే ముదురెరుపూ గోధుమా ఒక్కలాగే ఉంటాయి." మీట తీసేశాడు. స్క్రీను ఉతికినట్టు తెల్లబడింది. మూడు ఎర్రటి పేర్ల కింద కొనాడు పేరు ఒక్కటీ గోధుమరంగులో ఉంది.

"చేత్తో ఎంచకూడదు. వేసిన రంగునే కాపీ చేసి రెండో దానికి వెయ్యాలి. అయినా ఒకరి స్క్రీనులా ఇంకొకరిది ఉండదు, పక్కన 'ఎరుపు' అని అక్షరాల్లో రాసెయ్. ఇంకో మెయిల్ కొట్టు, అంతేగా," అన్నాడు అతను టీకి లేస్తూ.

అంతే. సెర్వా కొత్త మెయిల్ తెరిచింది కూడా. 'పొరపాటు సవరణ' అని టైప్ చేసింది. అప్పుడే తల్లి ఫోన్ వచ్చింది.

"నా బంగారు తల్లీ," అంటూనే ఆవిడ ఏడ్చేసింది. "మీ అన్న చెప్పాడు, దాన్ని బయటివాళ్ళ రంగులో పెట్టావటగా. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నా పక్షాన ఒక్కళ్ళు నోరు విప్పలేదే. నువ్వు విప్పావు."

"అమ్మా, అది కాదు..."

"ఏం చెప్పకు. మీ పెదనాన్న సంగతి నాకొదిలెయ్. ఆయనకి మనవడు చదివి వినిపించాడట, అన్ని పేర్లూ ఉన్నాయని తలూపాడట."

చదివి వినిపిస్తే రంగు వినపడదు. తల్లి అలా చిన్నపిల్లలా ఏడుస్తూ మెచ్చుకోవడం ఆమె ఎరగదు. సవరణ మెయిల్ పంపకుండా దాచింది. రేపు పంపుదాం, అమ్మ మనసు కాస్త కుదుటపడ్డాక, అనుకుంది. రేపు ఎల్లుండి అయింది. పొరపాటు కంప్యూటర్‌దే, కానీ ఆ మీట తీసేసి రెండు రోజులయిందని ఆమెకు తెలుసు. సిగ్గేసింది. సిగ్గేసినా పంపలేదు.

శుక్రవారంనాడు కొనాడే ఫోన్ చేసింది.

"అక్కా, పనిలో ఉన్నావా? చిన్న సంగతి. నా ఫోన్ కిందపడి స్క్రీను పగిలిందిలే. అందులో నా పేరు గోధుమరంగులో కనపడుతోంది. ఫోన్ పాడయిందా, లేకపోతే... అదేనా రంగు?"

"ఫోన్లలో రంగులు సరిగ్గా తెలీవు కొనాడూ," అంది సెర్వా. అది నిజమే. అందుకే మరీ అసహ్యంగా అనిపించింది.

"మరి ఏం కట్టనక్కా?"

"కనుక్కుని చెప్తాను."

కనుక్కోవడానికి ఏముంది? తేలు కుట్టిన దొంగలా ఆ సాయంత్రమంతా ఇంట్లో పనులు కల్పించుకుని తిరిగింది.

శనివారం అంత్యక్రియల షామియానా కింద ఎర్రబట్టల వరస కూర్చుంది. వచ్చినవాళ్ళు వరసలో నడుస్తూ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి ఓదారుస్తున్నారు. ఆ నడిచేవాళ్ళలో కొనాడు కనిపించింది. గోధుమరంగు బట్ట, తలకు గోధుమరంగు గుడ్డ. సెర్వా ముందు ఆగి చెయ్యి కలిపింది.

"మీ నాన్నగారు పోయారు. ఓర్చుకో అక్కా."

అందరూ అన్న మాటే అది. "కొనాడూ, నా కంప్యూటర్‌లో స్క్రీను రంగు మారిపోయి..."

"రిపేరువాడికి చూపించానక్కా. గాజు పగిలింది గానీ రంగు సరిగ్గానే ఉందన్నాడు. అయినా నువ్వు చెప్తానన్నావు కదా. పొద్దున్న దాకా రెండు బట్టలూ పక్కన పెట్టుకుని కూర్చున్నాను."

కోపంగా అనలేదు. అని ముందుకు నడిచింది. ఆ పక్కనే కూర్చున్న సెర్వా వాళ్ళ అమ్మకు చెయ్యి కలిపింది. ఆవిడ తల ఎత్తకుండా, "వచ్చావు, సంతోషం," అంది. వరస చివర బోఆటెన్ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏమే! ఎరుపేదీ? కన్నతండ్రి చస్తే చుట్టంలా వచ్చావా?"

షామియానా అంతా ఇటు తిరిగింది. కొనాడు సెర్వా వైపు వెనక్కి చూడలేదు.

"నేనే పొరబడ్డాను పెదనాన్నా. నా ఫోన్ స్క్రీను పాడయింది."

"ఫోన్ చూసుకుని కడతారటే తండ్రికి? బుద్ధుందా? ఈ రంగుతో నిన్ను వాళ్ళ పక్కన ఎలా కూర్చోబెట్టను?"

ఎవరో చీదరగా నాలిక చప్పరించారు. సెర్వా లేచి నిలబడింది. మాట నోటిదాకా వచ్చింది. పక్కనుంచి తల్లి చెయ్యి ఆమె ఎర్రబట్ట చెంగు పట్టుకుంది.

"కూర్చో," అంది తల్లి, పెదవి కదపకుండా.

సెర్వా కూర్చుంది. అవతల చుట్టాల వరసలో ఎవరో కొనాడు కోసం ఒక కుర్చీ జరిపారు.