సముద్రం ఒడ్డున ఆట

తిరుమలరావు ఇనప పట్టీని ఇసక మీద గుండ్రంగా లాగుతూ చదును చేస్తున్నాడు. గుంత దగ్గర మొదలుపెట్టి, చుట్లు తిరుగుతూ, వెనక్కి నడుస్తూ అంచుదాకా రావాలి. తన అడుగుజాడ కూడా మిగలకూడదు. భిలాయి ఎండకి పచ్చిక బతకదని ఈ గోల్ఫ్ మైదానంలో ప్రతి గుంత చుట్టూ కాలిన నూనె కలిపిన ఇసకే పరిచారు. ఆ నూనె వాసన అతని చొక్కాల్లోకి, చేతి గీతల్లోకి ఎప్పుడో ఎక్కిపోయింది. సన్నటి మనిషి. మెడ ముందుకు వంగిపోయింది. పొద్దుటినుంచి ఎడమ భుజం ఒకటే లాగుడు. పట్టీ బరువనుకున్నాడు.

"సముందర్ కైసా థా, భయ్యా?" అని సముద్రం సంగతి అడిగాడు నీళ్ళ పైపు పట్టుకున్న సతీష్‌కుమార్.

"అచ్ఛా థా" అని తల తిప్పుకున్నాడు.

ఏం బాగుంది!

సోమవారాలు స్టీలుప్లాంటు ఆఫీసర్లు రారు కాబట్టి పనివాళ్ళు ఆడుకోవచ్చు. అలా ఆడీ ఆడీ తిరుమలరావుకి చెయ్యి బాగానే తిరిగింది. పుట్టింది భీమిలి దగ్గర. విశాఖలో సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళ కాలంనాటి గోల్ఫ్ మైదానం ఒకటుంది. కుర్రతనంలో దాని కంచె బయట నిలబడి చూసినవాడే. చచ్చేలోగా అందులో ఒక్క ఆట ఆడాలని ఎంత కోరికో! మొన్న అక్కడి పోటీకి వెళ్ళే జట్టులో ఒకాయన చెయ్యి బెణికితే, ఇంజనీరు శ్యామసుందర్ గారు "నువ్వు రా తిరుమలరావ్, ఆడుదువుగాని" అన్నారు. అడుగున మేకులున్న తన పాత బూట్లు కూడా ఇచ్చారు. తిరుమలరావు భార్య కన్నమ్మ ఆ సంగతి వాళ్ళుండే రిసాలిలో వీధంతా చాటింది.

తీరా అక్కడికి వెళ్ళాక మొదటి గుంత దగ్గరే పరువు పోయింది. దూరపు దెబ్బ చక్కగానే కొట్టాడు. బంతి గాలికి ఎదురెళ్ళి గుంత పక్కన పచ్చిక మీద పడితే శ్యామసుందర్ గారు "శభాష్" అన్నారు. ఇక మెల్లగా దొర్లించడమే. ఇసక మీద ఆడేవాళ్ళకి ఒక పద్ధతుంది. దొర్లించే ముందు బంతికీ గుంతకీ మధ్య దారి చదును చేసుకుంటారు. పట్టీ అందుబాటులో లేకపోతే బూటుతో రాసేస్తారు. జీవితమంతా చేసిన పని, కాలు ఆలోచిస్తుందా? తిరుమలరావు మేకుల బూటుని ఆనించి, బంతి దగ్గర్నుంచి గుంతదాకా ఈడ్చుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏముంది! నున్నటి పచ్చిక చీలి, ఎర్రమట్టి చారలా బయటపడింది.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. అక్కడి తోటమాలి, తన వయసువాడే, మోకాళ్ళ మీద కూర్చుని చిరిగిన పచ్చికని అరచేత్తో అదుముతూ ఉండిపోయాడు. శ్యామసుందర్ గారు తగ్గు గొంతుతో, "స్టిక్కు ఇటిచ్చెయ్. బ్యాగు పట్టుకో, చాలు" అన్నారు. మిగిలిన ఆటంతా తిరుమలరావు ఆయన వెనక బ్యాగు మోస్తూ నడిచాడు. పక్కనే సముద్రం హోరెత్తుతోంది. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

ఇది కన్నమ్మకి చెప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచి అలిసిపోయానని తప్పించుకుంటున్నాడు. ఆమె దగ్గర ఏదీ దాచి ఎరగడు పాపం. ఇవాళ భోజనానికి వెళ్ళగానే చెప్పేద్దామని సైకిలెక్కాడు.

ఇంట్లో పక్క క్వార్టరు దుర్గాదేవి పీట వేసుకుని కూర్చునుంది.

"ఇదిగో వొచ్చీసేడు. ఇప్పుడడుగొదినా" అంది కన్నమ్మ. "నానడిగితే అలిసిపోనానంతాడు."

"ఏటన్నియ్యా, సముద్రం పక్కనాడితే బంతి నీళ్ళలోకెల్లిపోదేటి?" అంది దుర్గాదేవి.

తిరుమలరావు కన్నమ్మ మొహం చూశాడు. పెళ్ళయిన కొత్తలో సినిమాకి బయల్దేరినప్పటి మొహం. ఇక నిజం నోటికి రాలేదు.

"ఎల్లదు. గాలికెదురు కొట్టాల. ఆపీసర్లందరూ సూస్తన్నారు. ఒక్క దెబ్బకి గుంత పక్కనెల్లి పడిపోనాది. ఇంజినీరుగారు సెబాసన్నారు."

"తరవాత?" అంది కన్నమ్మ.

"తరవాతేటి... గుంతలో ఏసీసేను. ఆకరిదాకా ఆడేను."

"ఓలమ్మ!" కన్నమ్మ బుగ్గ నొక్కుకుంది. కళ్ళు చెమర్చాయి. "సూసేవా ఒదినా? ఇన్నాళ్ళూ ఇసక గీకినోడు, దొరలాడిన సోట ఆడొచ్చేడు!"

అన్నం సయించలేదు. దుర్గాదేవి వెళ్ళాక, "కన్నమ్మా" అని పిలిచాడు.

"ఏటి?"

"సిన్న కునుకు తీస్తాను. లెగిసేక నీకో మాట సెప్పాల."

"అలాగేలే, తొంగో."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్లాంటు సైరను మోగాక ఆమె టీ పట్టుకొచ్చి భుజం తట్టింది. లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు వచ్చిన డాక్టరు.

శ్యామసుందర్ గారు దండతో వచ్చారు. కన్నమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "ఆడి కోరిక తీర్చేరు బాబూ. ఆకరిదాకా ఆడేనని ఎంత సంబరంగా సెప్పేడో!" అని ఏడ్చింది.

ఆయన ఆమె మొహం చూడకుండానే లేవదీశారు. "అవునమ్మా, బాగా ఆడాడు" అన్నారు.

జనం కోసం వాకిలి ఖాళీ చేస్తూ దుర్గాదేవి అతని మేకుల బూట్లు తీసి, మట్టి అంటుకున్న దాన్ని దులపబోయింది. కన్నమ్మ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"దులపకొదినా. అదక్కడి గడ్డి. ఆడొచ్చిన గురుతు."

ఆ బూటుని రెండు చేతులతో తీసుకెళ్ళి కిటికీలో బోర్లా పెట్టింది. మేకుల సందుల్లో ఆ పచ్చిక, వేళ్ళతో సహా, ఎర్రమట్టిలో ఎండి అంటుకునే ఉంది.