తడి ఆరని పీత

వాన పడితే పిల్లలు బయటికి వెళ్లరు, బయటికి వెళ్లకపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకే వాళ్లమ్మ కుట్టుమిషన్ని పక్కకు జరిపి, రెండు కప్పుల మైదాలో కప్పు ఉప్పు పోసి, నీళ్లు చిలకరిస్తూ పిండి కలిపింది. పెద్దది తాబేలు మొదలుపెట్టింది. చిన్నోడు ఏది చేసినా పీతే అవుతుంది కాబట్టి పీత చేస్తానన్నాడు.

"నాకకురా, అంతా ఉప్పు!" అంది పెద్దది.

"పీతకి ఉప్పు ఇష్టం," అన్నాడు వాడు, నాకుతూనే.

వాళ్ల నాన్న చేపల బోటులో మెకానిక్. గాలివాన మొదలయ్యాక ఆ బోటు రేవుకు రాలేదు. వెతకడానికి వెళ్లిన లాంచీలు దక్షిణమంతా గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. ఈ మధ్యాహ్నం ఇంకొక్కసారి వెళ్లి, ఆపైన వెతకడం ఆపేస్తామని రేవు అధికారి కబురు పెట్టాడు.

ఉప్పు పిండి బొమ్మల సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. తడి ఉన్నంతసేపు, చేసినవాళ్లు ఎవరి మీద బెంగ పెట్టుకుంటే వాళ్లున్న వైపు తిరుగుతాయి. ఆ మనిషి ప్రాణాలతో లేకపోతే వెల్లకిలా పడతాయి. ఆరాయంటే ఉత్త బొమ్మలే. కూరగాయలకని వెళ్లిన మొగుడు ఎక్కడ కబుర్లలో పడ్డాడో చూసుకోవడానికి పక్కింటి పిన్నిగారు ఓ చేపను తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంటుంది. బెంగతోనే కాదు, ఒళ్లుమంటతో చేసినా తిరుగుతుందని ఆవిడ మాట.

వాళ్లమ్మకు మాత్రం వాటిని చూడాలంటే గుండె దడ. గాలివాన వచ్చినప్పటినుంచీ పిల్లలు బొమ్మ పూర్తిచేయడం ఆలస్యం, ట్రే లాక్కుని ఓవెన్‌లో పెట్టేస్తోంది. సన్నటి సెగ మీద నిదానంగా ఆరాల్సినవి కాస్తా మాడి పగిలిపోతున్నాయి. కిటికీ గట్టు నిండా పగిలిన చేపలే. తెలియనంతవరకూ ఆయన ఉన్నట్టేనని ఆమె ధైర్యం.

ఆ రోజూ ట్రే ఎత్తింది.

"ఒక్కసారి చూడనీ అమ్మా," అంది పెద్దది.

"చూడ్డానికేం లేదు. ఆరాలి."

"నీకు భయం."

"నోర్ముయ్!" ఓవెన్ తలుపు ధడాల్న మూసింది. పెద్దది వెక్కివెక్కి ఏడ్చింది. పసిదాని మీద అరిచినందుకు ఆమెకూ ఏడుపొచ్చింది.

చిన్నోడు మాత్రం మూల నక్కాడు. చొక్కా జేబు తడిసిపోయి ఉంది.

"ఏంట్రా అందులో?"

"ఏం లేదు," అంటూనే జేబును గట్టిగా మూసుకున్నాడు.

పీత. ఒకవైపు మూడే కాళ్లు. నాకి నాకి దాన్ని ఆరనివ్వలేదు వాడు.

ఆమె దాన్ని బల్ల మీద పెట్టి కళ్లు మూసుకుంది.

"పడలేదమ్మా," అంది పెద్దది.

కళ్లు తెరిచింది. పీత కుంటుకుంటూ తిరుగుతోంది. దక్షిణానికి కాదు, ఉత్తరానికి. ఇన్నాళ్లూ పిల్లలు దారి చూపిస్తుంటే తనే కాల్చి పారేసింది! పీతను సాసర్లో పెట్టి, తడిగుడ్డ కప్పి, పిల్లల్ని వెంటేసుకుని రేవుకు పరుగెత్తింది.

"ఎవరు చేశారమ్మా?" అన్నాడు అధికారి.

"మా చిన్నోడు."

"తడి ఉందిగా?"

"ఉందండీ."

ఆయన వంగి చూసి, "లాంచీ ఉత్తరానికి పోనివ్వండి!" అని కేకేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ముందే తేవాల్సిందమ్మా," అన్నాడు.

"తేవాల్సింది," అంది ఆమె తల దించుకుని.

లాంచీ కనుమరుగైంది. వాన ఆగి ఎండ కాచింది. పీత వీపు తెల్లబడబోతుంటే చిన్నోడు నాకాడు. వాడి నోరెండిపోతే పెద్దది నాకింది.

పొద్దు వాలేముందు లాంచీ దీపస్తంభం పక్కనుంచి మలుపు తిరుగుతూ కనిపించింది. జనమంతా అటు చూశారు. ఆమె అటు చూడలేదు, పీతనే చూసింది. లాంచీ ఎటు కదిలితే అటే, కొద్దికొద్దిగా, పీతా తిరిగింది.

"ఇంక దీన్ని ఓవెన్‌లో పెట్టేస్తావా అమ్మా?" అన్నాడు చిన్నోడు.

"పెట్టనురా," అంది. వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి, పీత వీపు మీద రాసింది.