పన్నెండు సున్నలు

ఏడో యంత్రం మీట నొక్కి ఏసురత్నం అర అడుగు వెనక్కి జరిగాడు. నల్లటి తెర మీద తెల్లటి గుండ్రటి గీత ఒకటి వచ్చి నిలబడింది. అంతకుముందు ఆరింటిలోనూ అదే వచ్చింది. ఎనిమిదోది నొక్కాడు. సున్న. తొమ్మిదోది. సున్న. పన్నెండోదాకా అన్నింట్లోనూ సున్నే.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. పొడుగు వల్ల నడుము దగ్గర కాస్త వంగి నడుస్తాడు. కళ్లజోడు కుడి కాడ విరిగితే నల్లదారం చుట్టుకున్నాడు. తనను పనికి పంపిన ఏజెన్సీ ఇచ్చిన బూడిదరంగు చొక్కా మెడ దగ్గర అరిగిపోయింది. అయినా రోజూ ఇస్త్రీ చేసుకుని, మూసాపేటలో మొదటి మెట్రో ఎక్కి వస్తాడు.

హైటెక్ సిటీలో ఆ ఆరో అంతస్తు గదిలో తొమ్మిదేళ్లుగా ఆయన పని ఒక్కటే. ఆస్పత్రుల్లో మంచాల పక్కన పెట్టే యంత్రాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ తయారుచేస్తుంది. బయటికి పంపకముందు ఒక్కో రకాన్నీ, అంటే ఒక్కో వెర్షన్‌నూ, ఈ గదిలో యంత్రాలకు ఎక్కించి చూస్తారు. పొద్దున్నే వాటిని లేపి, దేంట్లో ఏ రకం ఉందో కాగితం మీద ఇంగ్లీషులో రాసిపెట్టాలి. ఏసురత్నం చదివింది తెలుగులో మూడో తరగతి. చేరిన రోజు ఇంగ్లీషు వచ్చా అని అడిగితే వచ్చునండి అన్నాడు. రానివాళ్లను కింద పార్కింగ్‌లో బండ్ల పొగలో నిలబెడతారని విని అన్నమాట అది.

ఆ మాటను ఇన్నేళ్లూ బొమ్మలే కాపాడాయి. రకం మారినప్పుడల్లా, యంత్రం లేచేటప్పుడు కనిపించే బొమ్మ కూడా మారేది. మొదట వచ్చింది ఎవరో తొందరలో గీసిన వంకర చక్రం, దానికి మూడే ఆకులు. తర్వాత పడవ. పడవకు తెరచాప వచ్చింది, చాపకు రంగులొచ్చాయి. ఆపైన నోరు తెరిచిన పిట్ట. కొన్నాళ్లకు పిట్ట నోరు మూసింది. కాళ్లు పోయాయి, కన్ను పోయింది, ఆఖరికి రెక్క ఒక్కటే మిగిలింది. ప్రతి బొమ్మనూ పొడవాటి నోటుబుక్కులో పెన్సిలుతో దింపుకునేవాడు. దాని ఎదురుగా, పెట్టె మీది చీటీ చూసి ఆ రకం పేరును కూడా బొమ్మలాగే దింపుకునేవాడు. ఆ పుస్తకం చూసి కాగితం నింపేవాడు. ఈ సంగతి భార్య గ్రేస్‌కు ఒక్కదానికే తెలుసు. ఆమె పోయి నాలుగేళ్లు.

కొత్త బొమ్మ వచ్చిన ప్రతిసారీ గుండెల మీద రాయి పెట్టినట్టుండేది. పేరు దొరికాక దిగిపోయేది. ఈరోజు రాయి పొద్దున్నే ఎక్కి కూర్చుంది, ఎడమ చేతిలోకి కూడా లాగుతోంది.

నిన్న సాయంత్రం, కోకాపేట కొత్త ఆఫీసుకు తరలించడానికి వచ్చిన మనుషులు యంత్రాలన్నింటినీ ఒక వరుసలోకి తోసేశారు. పెట్టెల మీది చీటీలు ఊడిపోయి, ఏది ఎక్కడుండేదో కలిసిపోయింది. ల్యాబ్ చూసుకునే ఇంజినీరు రసజ్ఞ ఇందాక ఫోన్ చేసింది.

"ఏసురత్నంగారూ, నేను కోకాపేటలో ఇరుక్కుపోయానండి. ఆ పన్నెండింట్లో ఒక్కదాంట్లోనే విడుదలకు ముందటి రకం ఉంది. పేషెంటుకు ఊపిరి ఆగినా అలారం మోగట్లేదే, ఆ తప్పు నాకు అందులోనే దొరికింది. అది పోతే తప్పు ఎక్కడ పుట్టిందో ఇంక తెలీదు. లోపల పేరు చూసి దానికి ఎర్ర స్టిక్కర్ వేసేయండి. మిగతా పదకొండూ మధ్యాహ్నం రెండింటికి చెరిపేస్తారు."

"అలాగేనమ్మా."

"మీరు చూస్తున్నారంటే నాకు బెంగ లేదు."

విడుదలైన రకానికి గీసిన సున్నను దాని ముందటి రకంలోనూ పెట్టేశారని ఆయనకెవరూ చెప్పలేదు. పేరు ఎక్కడో లోపలుంటుంది. లోపలికి వెళ్లే దారి ఆయనకు తెలియదు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రసజ్ఞ ఫొటో మీదికి బొటనవేలు పోయింది. నాకు చదువు రాదమ్మా అని ఒక్క ముక్క అంటే చాలు. వేలు వెనక్కి వచ్చింది.

కిష్టమ్మ తడిగుడ్డ కర్రతో తలుపు తోసుకుని వచ్చింది. ఆ అంతస్తు ఊడ్చేది ఆమే.

"ఏందన్నా, గీ చల్లటి రూముల గిట్ల చెమటలు పట్టినయ్?"

"భయం కిష్టమ్మా."

"గీ డబ్బాలకా? పదేండ్ల సంది వీటి చుట్టు తుడుస్తున్న, ఒక్కటి గూడ కరవలే." నవ్వి, ఆయన మొహం చూసి ఆపేసింది. "జర దవాఖానకు పోయి సూపిచ్చుకోరాదు?"

"కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా ఇంతే. మద్దేనానికి తగ్గిపోద్దిలే."

"ఏమో. గీ ఫికర్‌తోనే పోతవ్ నువ్వు."

ఆమె వెళ్లాక అన్నీ ఆపేసి, మళ్లీ మొదటి యంత్రం దగ్గర నిలబడ్డాడు. మీట నొక్కేటప్పుడు పెదవులు కదిలించడం ఆయనకు మొదటి రోజు నుంచీ అలవాటు. ఒక్క వాక్యం ప్రార్థన. పొద్దున కంగారులో అదే మరిచిపోయాడు. ఇప్పుడు నోరు దానంతటదే మొదలుపెట్టింది. మొదటి మాట అవుతూనే సున్న వచ్చేసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తొమ్మిదో దాని దగ్గర మొదటి మాట అయింది. తెర నల్లగానే ఉంది. ప్రార్థన సాగింది, ఆమెన్ కూడా అయింది. అప్పుడొచ్చింది సున్న.

రెక్క బొమ్మకూ ఆమెన్ దాకానే పట్టేది. పాతదే ఇది. పాతవాటికి లేవడం బద్ధకం.

మళ్లీ ఆపి నొక్కాడు. మళ్లీ ఆమెన్. అయినా భయం వదల్లేదు. ఊపిరి సరిగ్గా అందడం లేదు, తన మాటే సాగుతోందో తొందరపడుతోందో తెలియడం లేదు. మూడోసారి గోడ పట్టుకుని నొక్కాడు. ఆమెన్. ఎర్ర స్టిక్కర్ అంటించి, ఊడకుండా బొటనవేలితో చాలాసేపు అదిమాడు. స్టూలు మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు. రెండు సున్నలు గీసి, ఒక్కోదాని కింద అది వచ్చేలోపు పలికినంత ప్రార్థన రాసుకున్నాడు.

రెండింటికి ఏజెన్సీ సూపర్‌వైజర్ శేఖర్ వచ్చాడు.

"పెద్దాయనా, ఏది ఉంచాలె?"

ఏసురత్నం వేలు చూపించాడు.

"పక్కానా? మల్ల పోయినంక రాదు."

తల ఊపాడు. శేఖర్ ఒక్కొక్కటీ చెరుపుకుంటూ పోయాడు. ఒక తెర నల్లబడింది, ఇంకొకటి. ఏసురత్నం వాటిని లెక్కపెడుతున్నట్టు చూశాడు. ఆరో దాని దగ్గర కళ్లు మూసుకున్నాడు. తల గోడకు ఆనింది. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుని శేఖర్ చప్పుడు చేయకుండా పని ముగించి, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.

మూడింటికి కిష్టమ్మ చాయ్ తెచ్చింది. "అన్నా" అంది. భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

రసజ్ఞ వచ్చేసరికి అయిదు దాటింది. ఆయన్ను అప్పటికే తీసుకెళ్లిపోయారు, గుండె ఆగి ప్రాణం ఎప్పుడో పోయిందని డాక్టరు చెప్పాడు. గదిలో ఏం చెయ్యాలో తోచక ఎర్ర స్టిక్కర్ ఉన్న యంత్రం తెరిచి పేరు చూసింది. అదే. మరోసారి చూసింది. అదే.

"ఎట్ల భయపడిండోనమ్మా పొద్దుగాల," అంది కిష్టమ్మ తలుపు దగ్గర నిలబడి. "నేనేమో నవ్విన."

స్టూలు కింద నోటుబుక్కు పడి ఉంది. రసజ్ఞ తీసి తిరగేసింది. చక్రం, పడవ, పిట్ట, రెక్క. ఒక్కోదాని ఎదురుగా, రాసినట్టు కాక బొమ్మ గీసినట్టున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆఖరి పేజీలో పక్కపక్కనే రెండు వంకర సున్నలు. ఒకదాని కింద తెలుగులో, "ప్రభువా, ఈ పూట కూడా నాకు చదువు రాదని బయట పడనీయకు, ఆమెన్" అని ఉంది. రెండో సున్న కింద "ప్రభువా" అన్న ఒక్క మాటే ఉంది, దాని పక్కన కాగితం తెల్లగా ఉంది.