పన్నెండో నెమలి కన్ను

"తప్పులయ్యా! ఓ తప్పులయ్యా! సంగటి సల్లగైపోతాండాది, వస్తావా రావా?"

గడపలో నిలబడి ఓబులమ్మ వేసిన కేక వీధి చివరిదాకా పోయింది. ధర్మవరంలో ఆ మగ్గాల వీధికి మధ్యాహ్నం అయిందని తెలిసేది ఆ కేకతోనే. వేపచెట్టు కింద కుళ్లాయప్పతో పేకాడుతున్న తప్పులయ్య ముక్కలు పడేసి లేచినాడు. ఆయన తొడకింద దాచిన రెండు ముక్కలు మట్టిలో బయటపడినాయి.

"దేవుడివై ఉండి ఇదేం దొంగాటప్పా?" అన్నాడు కుళ్లాయప్ప.

"దేవుణ్ణి కాకుంటే ఎప్పుడో తన్నిండరా నన్ను!"

నవ్వుకుంటా, పాడుకుంటా ఆయన ఓబులమ్మ ఇంటిదారి పట్టినాడు. పాడే గొంతు మాత్రం ఆయనది కాదు, ఓబులమ్మ కొడుకు మారుతిది. వీధిలో అందరికీ తెలుసు. వింటారు, తలొంచుకొని పని చేసుకుంటారు.

అదృష్టానికీ, చేతిపనికీ, పాటకీ, ఆటకీ ఆయనే దేవుడు. గుడి లేదు. రాయదుర్గంలో కుట్టు తప్పి పక్కన పడేసిన జీన్స్ ప్యాంటు తొడుక్కుంటాడు, దానికి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. ఆయన ఉండేది తప్పులో. అందుకే ఆ వీధిలో చీర కొంగున పన్నెండు నెమళ్లు నేస్తే, పన్నెండోదానికి కన్ను పెట్టరు. ఆ కన్నులేని చోట ఆయన కూచుంటాడు. కూచుంటే కట్టుకున్న పిల్లకి కలిసొస్తుంది, నేసిన చేతికి మళ్లీ పని దొరుకుతుంది. చోటు ఇవ్వకపోతే, ఆ ఇంట్లో తప్పన్నదే లేనిది ఏదుంటే దాన్లోకి దూరతాడు. దూరి, దాన్ని తనతో తీసుకొని పోతాడు.

మారుతి ఇంట్లో తప్పు లేనిది మారుతి పాట ఒక్కటే.

అతను మగ్గం మీద కూచొని పాడితే పక్కిళ్ల మగ్గాల్లో పోగు మోసే నాడెలు కూడా ఆ తాళానికే నడిచేవి. వానలేని మూడేళ్లలోనూ ఆ పాట వింటుంటే మబ్బు పట్టినట్టు ఉండేది. గోరంట్ల నుంచి పెళ్లిచూపులకని నాయన వెంట ఈ ఇంటికి వచ్చిన రోజు అరుణజ్యోతి పిల్లోడి మొహం సరిగా చూడనే లేదు. లోపలి గదిలోంచి ఆ గొంతు విని, "సరే నాయనా" అనేసింది.

ఆర్నెల్ల కింద ఒక పెద్ద షాపువాళ్లు ఫోన్ చేసినారు. ఇప్పుడు మిషన్ చీరల్లో ఒక్క తప్పు కూడా ఉండటం లేదు, కన్నులేని నెమలి ఉంటే చీర తిప్పి పంపుతాం అన్నారు. "తిప్పి పంపితే పంపనీ, అయ్య చోటు అయ్యకే" అంది ఓబులమ్మ. అరుణజ్యోతి నేసింది. చీర పోయింది. రెండు రోజులకి షాపువాళ్లు కొంగు ఫోటో పెట్టి, చీర చాలా బాగుంది అని రాసినారు. ఓబులమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకొని లెక్కబెట్టింది. పన్నెండు నెమళ్లు, పన్నెండు కళ్లు.

మర్నాడు పొద్దున మారుతి నోరు తెరిస్తే గాలి వచ్చింది, అంతే. డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదన్నారు.

"నేను పెట్టలేదత్తా. నాకు బాగా గుర్తుండాది," అని అరుణజ్యోతి పది రోజులు చెప్పింది. తర్వాత ఆమెకే అనుమానం వచ్చింది. పదకొండు కళ్లు పెట్టిన చెయ్యి, అలవాటులో పన్నెండోది కూడా పెట్టేసిందేమో. మెల్లగా చెప్పడం మానేసింది. ఓబులమ్మ ఆమెను మగ్గం మీదినుంచి లేపి కండెలకి దారం చుట్టడానికి కూచోబెట్టింది.

మాట పోయినా మారుతికి రాత ఉంది. పలకమీద బలపంతో రాసేవాడు. నీళ్లు. బువ్వ. ట్యాంకర్ వచ్చినాది. నెమలి సంగతి ఎప్పుడూ రాయలేదు. భార్య ఎదురుగా వస్తే పలక తిరగేసి పెట్టేవాడు. కోపంగా ఉన్నాడని ఆమె అనుకుంది. కోపమైనా ఫర్వాలేదు, ఒకసారి చూస్తే చాలు అనుకునేది.

ఈరోజు తప్పులయ్య సంగటి ముద్ద మింగుతుంటే అరుణజ్యోతి నాయన ఆదెన్న వచ్చినాడు. ఓబులమ్మే కబురు పెట్టింది.

"దేవుణ్ణి మరిచిన చెయ్యి ఈ ఇంటికి కుదరదు ఆదెన్నా. పిల్చుకొని పో."

"మళ్లీ ఎప్పుడు తోలుకొని రమ్మంటావక్కా?"

ఓబులమ్మ కోడలి సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆదెన్నకి అర్థమైంది. ఎండిన చెనిక్కాయ చేలు దాటుకొని వచ్చిన మనిషి, ఇంకేమీ అడగలేక కూతురి సంచి చేతికి తీసుకున్నాడు.

"బస్సు టైమైతాంది, పదమ్మా."

ఆమె కదల్లేదు. తప్పులయ్య ముందు కింద కూచుంది.

"సరి బేసి ఆడదాం అయ్యా."

"ఏం పందెం?"

"నేను గెలిస్తే ఆయన గొంతు ఆయనకియ్యి. ఓడితే నా చేతిలో పని నువ్వే తీస్కో. ఇంగ యాడా మగ్గం ముట్టుకోను."

"పిచ్చిదానా, నీకు మిగిలిండేది అదొక్కటే," అన్నాడు ఆదెన్న.

తప్పులయ్య కళ్లు మెరిసినాయి. చింతగింజలు తెప్పించి, గుప్పెట్లో ఆడించి, నోటికి దగ్గరగా తెచ్చి ఊదినాడు. పిడికిలి ముందుకు చాపినాడు.

"సరా? బేసా?"

వేల పోగుల్లో ఒకటి తెగితే తడమకుండా కనిపెట్టే కళ్లు ఆమెవి. పిడికిలి వైపు చూడలేదు. ఆయన ఎడమ దవడ వైపు చూసింది.

"బేసి. నీ నోట్లో ఉండేదాంతో కలిపి."

ఆయన పిడికిలి తెరిచినాడు. పది గింజలు. నోట్లోంచి ఇంకోటి ఉమ్మినాడు. ఓబులమ్మ కూడా నవ్వబోయి ఆగింది.

"గెలిచినావు గానీ లాభం లేదమ్మీ," అన్నాడు తప్పులయ్య. ఆయన్ని ఎవ్వరూ ఎప్పుడూ అంత నీరసంగా చూడలేదు. "మిషన్ చీరల్లో నాకు కూచునే చోటు లేదు. ఈ పాట పాడుకుంటానే ఇన్నాళ్లు బతికినా. పుట్టపర్తి బస్సుల్లో పాడినా, ఎండిన చెరువుల్లో పాడినా. అయిపోయినాది. ఒక్క ఊపిరికి చాలేంత మిగిలినాది. మళ్లీ పుట్టదు."

"అదే ఇయ్యి."

ఆమె దోసిలి పట్టింది. ఆయన దాన్లోకి ఊదినాడు. ట్యాంకర్ వెళ్లిపోయేముందు పట్టుకున్న చివరి చెంబెడు నీళ్లు తొణక్కుండా తెచ్చినట్టు, ఆమె ఆ దోసిలిని మూసి, అడుగులో అడుగేసుకుంటూ మగ్గం గదిలోకి తెచ్చింది. చేతుల్లో వెచ్చగా, పిట్టపిల్ల గుండెలా ఏదో కొట్టుకుంటోంది. పెళ్లిచూపుల నాటి పాట ఒక్క చరణం పాడితే చాలు. చెవిలో పెట్టుకొని గోరంట్లకి పోతుంది. ఆ చరణంతో ఎన్నేళ్లయినా బతకొచ్చు అనుకుంది.

మారుతి ఖాళీ మగ్గం గుంత అంచున కూచొని ఉన్నాడు. ఆమె అతని పెదాల దగ్గర దోసిలి తెరిచింది. అతను పీల్చుకున్నాడు.

"పాడు నాయనా," అంది ఓబులమ్మ గడపలోంచి. "ఒక్కసారి వింటే నేను సచ్చిపోయినా చాలు."

వీధిలో మగ్గాలు ఆగినాయి. కుళ్లాయప్ప కిటికీ దగ్గరికొచ్చి నిలబడినాడు. ఆదెన్న సంచి కింద పెట్టినాడు.

మారుతి ఊపిరి బిగబట్టుకొని అమ్మ వైపు చూసినాడు. సంచి వైపు చూసినాడు. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి అరుణజ్యోతి కళ్లలోకి చూసినాడు. ఆమె దోసిలి ఇంకా తెరిచే ఉంది. అతని గొంతులో పాట కదలడం అందరికీ కనిపించింది. అతను దాన్ని మింగేసినాడు.

"అమ్మా, అరుణ మరిచిపోలేదు," అన్నాడు, ఆ తియ్యటి గొంతుతోనే. "షాపోళ్లు తిప్పి పంపుతారని, ఆయమ్మి నీళ్లకి పోయినప్పుడు, సూదితో పన్నెండో నెమలికి కన్ను పెట్టింది నేను."