కాలవకిచ్చిన పుస్తకాలు

కర్ణాటకలో సింధనూరు దగ్గర తెలుగు రైతులు స్థిరపడ్డ గోరేబాళ క్యాంపులో హనుమాయమ్మ చేసిన పనిని ఆ రోజు ఎవరూ తప్పుపట్టలేదు. చెదలు తిన్న పుస్తకాలను చెత్తలో వేయడానికి చేతులు రావు, పొయ్యిలో పెట్టడానికి అసలే రావు. పాతబడిన దేవుడి పటాలను ఎలా సాగనంపుతారో అలాగే, తుంగభద్ర కాలవకు నీళ్ళు వదిలిన వారం, పసుపు గుడ్డలో మూటగట్టి నీళ్ళలో విడిచిపెట్టింది. అందులో ఆవిడ నాన్నగారు రాసి అచ్చు వేయించుకున్న పద్యాల పుస్తకం కూడా ఉంది. దానికి ఇంకో ప్రతి ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

ఆవిడ ధైర్యం ఆవిడది. కోడలు వాణి అప్పటికే ఎండాకాలమంతా కూర్చుని ప్రతి పేజీనీ ఫొటో తీసి, పుస్తకాలుగా కూర్చి ట్యాబ్‌లో పెట్టింది. చదువుకునే యాప్ తెరిస్తే చాలు, అట్టలతో సహా అన్నీ వరసగా కనబడేవి.

ఆ తర్వాత నాట్లు వచ్చిపడ్డాయి. నాట్లలో పడ్డ మనిషికి తిండే గుర్తుండదు, పద్యాలేం గుర్తుంటాయి? కలుపులు, మందులు, కోత మిషను కోసం పడిగాపులు. ట్యాబ్ బీరువాలో చీరల కింద పడి ఉంది. ధాన్యం మిల్లుకు చేరాక ఓ మధ్యాహ్నం హనుమాయమ్మ తీరిగ్గా కాళ్ళు చాపుకుని, దానికి చార్జింగ్ పెట్టి యాప్ తెరిచింది. పుస్తకాలు ఏవీ లేవని చూపించింది.

మూసి తెరిచింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తెరిచింది. అదే మాట. నాన్నను రెండోసారి, అదీ తన చేతులతోనే, నీళ్ళలో కలిపేసినట్టు అనిపించింది.

భర్త బాపయ్య వచ్చి, పుస్తకాలు కూడా కోతలకు పోయి ఉంటాయని వేళాకోళమాడబోయాడు. ఆవిడ మొహం చూసి అది మానేసి, సింధనూరు మిల్లులో ఉన్న కొడుకు రమేష్‌బాబుకు ఫోన్ చేశాడు. వాడు ఆలోచించకుండానే, ట్యాబ్ మొత్తం రీసెట్ కొట్టెయ్యండి, కొత్తదానిలా అవుతుందన్నాడు. బాపయ్యకు సలహా తెగ నచ్చింది. హనుమాయమ్మ ట్యాబ్‌ను కొంగు కింద దాచుకుంది.

"నా ప్రాణం పోయినా దీన్ని ముట్టుకోనివ్వను. వాణి రానీండి."

పాలకేంద్రం నుంచి వచ్చిన వాణి, చేతులు కడుక్కుని పక్కన కూర్చుంది. యాప్ జోలికి పోకుండా, ముందు ట్యాబ్‌లో ఫైళ్ళు ఉండే చోటు తెరిచి, తను పెట్టిన ఫోల్డర్ మీద నొక్కింది. పుస్తకాల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాన్నగారి పుస్తకమూ ఉంది. హనుమాయమ్మకు ఊపిరి ఆడింది గానీ బుర్ర తిరిగింది. ఇక్కడ ఉన్నవి అక్కడ ఎందుకు లేవు?

వాణి నెమ్మదిగా చెప్పింది. యాప్ అంటే మన ఇంటికొచ్చిన బయటి మనిషి లాంటిది. చూడమంటేనే మన ఫైళ్ళు చూడగలదు. ఎండాకాలంలో తను అనుమతి ఇచ్చింది. నెలల తరబడి ఎవరూ తెరవకపోయేసరికి, ఇక దీంతో పనిలేదేమోనని ట్యాబే ఆ అనుమతి తీసేసింది. సెట్టింగులలో ఆ మాట రాసే ఉంది. పుస్తకాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. రీసెట్ కొట్టి ఉంటే అవి కూడా తుడిచిపెట్టుకుపోయేవి. ఆ మాట వినగానే బాపయ్య పంచె సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

అనుమతించాలా, వద్దా అని అడుగుతున్న చోట వాణి ఆగి, ట్యాబ్ అత్తగారి ముందుకు జరిపింది.

"మీరే నొక్కండి అత్తయ్యా. పుస్తకాలు మీవి."

ఏ గదిలోకైనా అడక్కుండా దూరిపోయే మనుషుల మధ్య కాపురం చేసిన హనుమాయమ్మకు, తను ఊ అనేదాకా గుమ్మంలో నిలబడే ఈ వస్తువును చూస్తే విడ్డూరంగా ఉంది. అనుమతించమన్న చోట నొక్కింది.

వాణి యాప్ తెరిచింది. కాసేపు అంతా తెల్లగా ఉంది. తర్వాత ఒక అట్ట వచ్చింది, దాని పక్కన ఇంకొకటి, ఆ పైన అన్నీ ఒక్కసారిగా. హనుమాయమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాన్నగారి పుస్తకం తెరిచి, వాణి చూపించినట్టు పేజీ మీద రెండు వేళ్ళు పెట్టి ఎడంగా జరిపింది. కాగితం మీద చీమంత ఉన్న నాన్న పేరు పెరిగి పెరిగి ట్యాబ్ అంతా నిండిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నారా?" అంది, ఎవరినో అడుగుతున్నట్టు.

వాణి సెట్టింగులలో ఇంకో మీట చూపించింది. ఇది ఆపేస్తే ఎన్నాళ్ళు తెరవకపోయినా అనుమతి పోదట, మళ్ళీ ఈ కంగారు ఉండదట. హనుమాయమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"దాన్ని అలాగే ఉండనీ అమ్మా. ఇన్ని నెలలు మా నాన్న మొహం చూడకుండా ఉన్నాను. ఆ సంగతి దీనికి తెలిసింది, నాకు తెలియలేదు."

"మళ్ళీ నాట్లొస్తాయి కదా అత్తయ్యా?"

"నాట్లలోనూ తెరుస్తాను," అని హనుమాయమ్మ మొదటి పద్యం గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది.