టాంకీకి బదులు ఇచ్చినది

ఆ ఏడు ఎండలు ముదిరి మలయాలోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో కాలవ నీళ్లు ఉప్పెక్కాయి. తోట లైన్లలో, అంటే కూలీల వరస గదుల్లో ఉన్న తెలుగు వాళ్లకు తాగడానికి ఆ నీళ్లే దిక్కు. ముత్యాలు మొగుడు కిందటేడు అవే తాగి, రక్తవిరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయాడు. పక్క గదిలో ఉంటున్న కోడలు నూకమ్మకు ఇప్పుడు ఏడో నెల. ఆ పిల్ల కడవ ఎత్తుకుని కాలవ కేసి వెళ్లినప్పుడల్లా ముత్యాలు గుండె జారిపోయేది.

అలాంటి రోజుల్లో దొర కబురు పెట్టాడు. తలో మనిషీ వచ్చి తలో మాటా చెబితే తాను వినననీ, లైన్లవాళ్లు తమలో ఒకణ్ణి పెద్దగా ఎంచుకోవాలనీ, అతను ఒప్పుకున్నది అందరూ ఒప్పుకున్నట్టేననీ దాని సారాంశం. గదికి ఒకరే చెయ్యెత్తాలని లెక్క. విడిగా గది ఉన్న మనిషి కాబట్టి ముత్యాలుకూ ఒక చెయ్యి దక్కింది.

పెద్దరికానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు నారాయణస్వామి. ఏటి అవతలి తోటలో పెద్దరికం చేసి, కిందటేడే ఇక్కడికి మారాడు. తమిళం, మలాయి, దొరతో నాలుగు ముక్కలు ఇంగ్లీషు కూడా మాట్లాడగలడు. మూడు నెలల్లో వాన నీళ్ల టాంకీ పెట్టిస్తానని మాట ఇచ్చాడు. అవతలి తోటలో పెట్టించానని, అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చని కూడా అన్నాడు. దొర చీటీ లేకుండా తోట దాటితే శిక్ష తప్పదని అందరికీ తెలుసు గనుక ఎవరూ వెళ్లలేదు.

రెండోవాడు పోలయ్య. ముసలివాడు, మాట నెమ్మది. ప్రతి సోమవారం దొర దగ్గరికి వెళ్లి అడుగుతానన్నాడు తప్ప టాంకీ తెస్తానని అనలేదు. జనం నవ్వారు. కానీ మూడేళ్ల కిందట లైన్ల కప్పులు కారుతుంటే, నాలుగు నెలలు తిరిగి తిరిగి వాటిని బాగు చేయించింది ఇతనేనని ముత్యాలుకు గుర్తుంది.

ఆమె మనసు మాత్రం టాంకీ వైపే లాగుతోంది. అయినా కళ్లతో చూడకుండా చెయ్యెత్తడం ఆమె వల్ల కాలేదు. శనివారం పని దిగగానే కొబ్బరి బస్తాలు చేరవేసే మలాయి పడవవాణ్ణి బతిమాలి, బస్తాల మధ్య కూర్చుని ఏరు దాటింది. రేవులో ఎవరైనా గుర్తుపడతారేమోనని ముసుగు కళ్లమీదకి లాక్కుంది.

టాంకీ ఉంది. నల్లటి ఇనుప టాంకీ, మనిషి ఎత్తుకు మించి ఉంది. దోసిలి పట్టి తాగింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. నారాయణస్వామి చెప్పింది నిజమేనన్న సంతోషంతో ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి.

అక్కడే లైను గుమ్మంలో ఒక పడుచు చంటిబిడ్డ నోట్లో తడి గుడ్డ కొస పెడుతోంది. పేరు దాలమ్మ. గంజిలో ముంచిన గుడ్డ అది. పాలు లేవా అని ముత్యాలు అడిగింది. దాలమ్మ తల వంచుకునే జవాబిచ్చింది.

"పాలెక్కడుంటాయప్పా? ఇదివరకు మద్దినేలకి లైనుకొచ్చి బిడ్డకి పాలిచ్చీవోళ్లం. పొద్దల్లా రాకపోతే రొమ్మెండిపోదేటి? టాంకీ పెట్టినప్పుడు ఆ రాకడ ఆపించీసినారు. పెద్ద ఒప్పుకున్నాడంట. మాకు తరవాత తెలిసింది. నీళ్లొచ్చినాయి, పాలు పోనాయి."

ఇవతలి తోటలోనూ ఆడవాళ్లు మధ్యాహ్నం లైనుకొచ్చే బిడ్డలకు పాలిస్తారు. తిరుగు పడవలో ముత్యాలుకు నూకమ్మ కడుపే గుర్తొచ్చింది. ఇవతలి రేవులో నారాయణస్వామి నిలబడి ఉన్నాడు. ఆమె దిగేదాకా ఆగాడు. గొంతు పెంచలేదు.

"చూసినావా టాంకీ?"

"చూసినాను బాబూ."

"నాను అబద్ధం ఆడనేదు కదా."

"ఆడనేదు."

"నువ్వు తోట దాటిన సంగతి దొరకి సెప్పనేదు. రేపు చెయ్యెత్తు. అంతే."

మర్నాడు ఆదివారం పొద్దున్నే అందరూ కొబ్బరి ఎండబెట్టే సావిట్లో చేరారు. దొర తరఫున గుమాస్తా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేతులెత్తమనే లోపు ముత్యాలు లేచి నిలబడింది. కొడుకు కూర్చోమని సైగ చేస్తూనే ఉన్నాడు. ముందు పోలయ్యను అడిగింది.

"మావా, నువ్వు పెద్దవైతే టాంకీ వస్తాదా?"

"తెల్దమ్మా."

"మరి నీకెందుకు చెయ్యెత్తాల?"

పోలయ్య లేచి నిలబడ్డాడు. "దొర ఏటడిగినా ముందు మీకాడికొచ్చి సెప్తాను. మీరు ఊఁ అంటేనే నానూ ఊఁ అంటాను. అంతకి మించి నాకాడ ఏటీ నేదు."

ముత్యాలు నారాయణస్వామి వైపు తిరిగింది. "బాబూ, నిన్న నాను ఏరు దాటి ఆ టాంకీ నీళ్లు తాగినాను. దానికి బదులు దొరకి నువ్వేటిచ్చినావు?"

గుమాస్తా తలెత్తి చూశాడు. నారాయణస్వామి దాచలేదు, తల్లులు మధ్యాహ్నం పాలివ్వడానికి లైనుకు రావడం మానిపించడానికి ఒప్పుకున్నానన్నాడు. ఏదో ఒకటి వదులుకోకుండా దొర ఏదీ ఇవ్వడని, అక్కడ ఇప్పుడు రక్తం పడి చచ్చేవాళ్లు లేరని చెప్పాడు. అదీ నిజమేనని ముత్యాలుకు తెలుసు. మొగుడి ముఖం కళ్లముందు మెదిలింది.

"మరి ఆ మాట ఆడోళ్లకి ముందే ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఒప్పుకుందురేటి?" అన్నాడు నారాయణస్వామి.

ఆ మాట అనేశాక వెనక్కి తీసుకోవాలని అతనికే అనిపించి ఉంటుంది. కానీ అప్పటికే వెనక వరసలో ఆడవాళ్లు ఒకరితో ఒకరు గుసగుసలాడుతూ మొగుళ్ల భుజాలు తట్టడం మొదలుపెట్టారు. పోలయ్యకు ముప్పైమూడు చేతులు లేచాయి, నారాయణస్వామికి ఇరవైఆరు.

సోమవారం ముత్యాలును సావిట్లో పనినుంచి తీసేసి మోకాటి లోతు బురదలో కాలవ గడ్డి కోయడానికి పంపారు. తోట దాటినందుకు శిక్ష అది. పోలయ్య అదే రోజు దొర గది ముందు నిలబడ్డాడు. తరవాత సోమవారమూ నిలబడ్డాడు. లైన్లలో నీళ్లు కాచి తాగమని ముత్యాలు ఇంటింటికీ చెప్పింది. కొందరు కాచారు, కట్టెలు చాలక కొందరు మానేశారు. ఆరో వారంలో, అదే లైన్లలో ఉండే కూర్మయ్య తల్లి విరేచనాలతో పోయింది.

పదకొండో సోమవారం దొర పాత టాంకీ ఒకటి ఇస్తానన్నాడు. దానికి దిమ్మ మీరే కట్టుకోండి అన్నాడు. పోలయ్య వచ్చి ఆ మాట అందరి ముందూ పెట్టాడు. రెండు ఆదివారాల పని. అందరూ ఊఁ అన్నారు. టాంకీకి అక్కడక్కడా చిల్లులుంటే తారు పూశారు. అప్పటికి నూకమ్మకు కొడుకు పుట్టి పదిహేను రోజులైంది.

టాంకీ నిలబెట్టాక మొదటి వాన పడిన రోజు అందరూ కడవలతో వచ్చారు. కూర్మయ్య రాలేదు. ముత్యాలు ఒక కడవ నింపి అతని గుమ్మంలో దించింది. అతను లోపలే ఉన్నాడు.

"మూడు నెలల్లో వచ్చీదే కదా ఇది, ఆడికి చెయ్యెత్తుంటే?" అన్నాడు లోపలినుంచి.

అటూ ఇటూగా అప్పటికి మూడు నెలలే గడిచాయి; నారాయణస్వామి టాంకీ అయినా ఆరో వారానికి అందేది కాదు. ఆ మాట చెప్పాలనుకుని మానుకుంది. తల్లి పోయినవాడికి లెక్క ఏం చెబుతుంది? గడప పక్కన కూర్చుంది. చాలాసేపటికి కూర్మయ్య బయటికి వచ్చాడు. ఆమె వైపు చూడకుండానే కడవ ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.